అమ్మకానికి లేని వాటా

శుక్రవారం సాయంత్రం తెనాలి స్టేషన్లో కావేరి రైలు దిగుతుంటే, ముక్కూ ముఖం తెలియని ఒకావిడ ఎదురొచ్చి రెండు చేతులూ పట్టుకుని, "మీ ఫొటో చూసి గుర్తుపట్టాను, మీ షేరే కొన్నానమ్మా! మీరు చెప్పబట్టే ధైర్యం చేశాను" అనడం పాఠకులకు గుర్తుండే ఉంటుంది. ఆవిడ పేరు రిబ్కా. రేపల్లెలో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో నర్సు. కావేరి హైదరాబాదులో తారావళి అనే ఏఐ కంపెనీలో పనిచేస్తుంది. తెలుగు విని, తెలుగులో బదులు చెప్పే యంత్రాన్ని ఆ కంపెనీ తయారుచేస్తోంది. దాని గురించి పేపర్లలో రాయని రోజు లేదు గాని, అది ఇంకా స్టాక్ మార్కెట్లోకి రాలేదు. కావాలన్నా దాని షేరు బయట దొరకదు. కావేరి ఎవరికీ ఒక్క షేరూ అమ్మలేదు. ఆ మాటే చెబితే రిబ్కా తెల్లబోయింది. "అదేంటండీ! గిరీష్ గారు ఫోన్ కలిపితే నాతో అంతసేపు మాట్లాడింది మీరే కదా!" అంది. గిరీష్ అంటే కావేరి మేనమామ కొడుకు. వరసకు బావ.

ఆ రాత్రి కావేరికి అన్నం సయించలేదు. ఏమైందని తల్లి చంద్రకళ రెండు మూడుసార్లు అడిగింది. మేనల్లుడి సంగతి వింటే అమ్మ కంగారుపడుతుందని, తలనొప్పని చెప్పి తప్పించుకుంది. గిరీష్ ఫోన్ ఎత్తలేదు. శనివారం బాపట్లలో అతను మీటింగు పెడుతున్నాడన్న కబురు మాత్రం రిబ్కా ద్వారా తెలిసింది.

శనివారం పొద్దున రిబ్కా డ్యూటీ మార్చుకుని రేపల్లె బండిలో తెనాలి వచ్చింది. ఇద్దరూ బాపట్ల వైపు వెళ్ళే ప్యాసింజరు ఎక్కారు. కిటికీ పక్కన చోటు దొరికినా కావేరి కుదురుగా కూర్చోలేకపోయింది. లేచి తలుపు దగ్గరికి వెళ్ళేది. గాలికి జుట్టంతా చెదిరితే మళ్ళీ వచ్చి కూలబడేది. బండి ఆగిన ప్రతి స్టేషన్లోనూ ఇది బాపట్లేనా అన్నట్టు తొంగి చూసేది.

నిడుబ్రోలు దాటాక ఉండబట్టలేక అడిగింది. "ఏ నంబరు నుంచి మాట్లాడానక్కా నేను?"

"నంబరేం లేదండీ. గిరీష్ గారే తన ఫోన్లోంచి మిమ్మల్ని కలిపేవారు. మేడమ్ బిజీగా ఉంటారు, నేరుగా చెయ్యొద్దనేవారు."

"గొంతు నాదేనా? ఖాయంగా చెప్పగలరా?"

"ఇప్పుడు మాట్లాడుతున్నారే, అచ్చం ఇదేనండీ! మీరు ఎన్ని సంగతులు చెప్పారనీ! 'అట్టాగే' అంటే సరే అన్నామని మీ మిషనుకి అర్థమవుద్దంట. విసుగొచ్చి 'అట్టాగేలే' అన్నా కూడా సంతోషంగా ఒప్పుకున్నామనే అనుకుంటదంట. నేనెంత నవ్వానో ఆ మాటకి."

కావేరి నవ్వలేకపోయింది. అది నిజంగా తన అనుభవమే. ఆ 'అట్టాగేలే'తో తను కొన్ని వారాలు కుస్తీ పట్టింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో యంత్రానికి నేర్పడం కోసం అద్దాల గదిలో కూర్చుని రోజుల తరబడి వాక్యాలు చదివింది. ఆ రికార్డింగులు ఎవరి చేతిలోనైనా పడ్డాయేమో. వాటితో తన గొంతును తయారుచేసి, తన మాటలు తన నోటితోనే పలికించారేమో. ఎవరో తనలోకి దూరి తనకు తెలియకుండా బతుకుతున్నట్టు అనిపించింది. అలాంటి పనులు ఎంత తేలికో ఆ బండిలో ఉన్న అందరికన్నా ఆమెకే ఎక్కువ తెలుసు.

"ఏమనుకోకండమ్మా" అంది రిబ్కా మెల్లగా. "మా ఆయన సీమోను చేపలకి ఐసు వేస్తాడు. సొంత వ్యాను ఉంటే బాగుంటుందని కూడబెట్టుకున్న డబ్బండీ అది. ఇందులో పెడదామని పట్టుబట్టింది నేనే. ఆయనింకా ఏమీ అడగలేదు. అడిగితే ఏం చెప్పాలో తోచట్లేదు."



* * *

బాపట్లలో వ్యవసాయ కళాశాలకు వెళ్ళే దారిలో ఉన్న ఫంక్షన్ హాలు అది. ఏసీ లేదు. ఫ్యాన్లు తిరుగుతున్నా సముద్రపు గాలిలోని జిగట అందరి మెడల మీదా తెలుస్తోంది. రిటైరైన ఉద్యోగులు, టీచర్లు, కొద్దో గొప్పో పొలం ఉన్న రైతులు, పేరాల నుంచి వచ్చిన నేత కుటుంబాల వాళ్ళు కుర్చీల్లో నిండుగా ఉన్నారు. స్టేజి మీద 'డెల్టా గ్రోత్ క్లబ్' అన్న బ్యానరు. దాని కింద, ఎప్పుడో చుట్టాల పెళ్ళిలో తీసిన కావేరి ఫొటో. చుట్టూ ఉన్న చుట్టాలను తీసేసి ఆమెను ఒక్కదాన్నే మిగిల్చారు.

గిరీష్ మైకు పట్టుకుని అటూ ఇటూ తిరుగుతూ మాట్లాడుతున్నాడు. ఒకప్పుడు పురుగుమందుల డీలరు, తర్వాత కొన్నాళ్ళు ప్లాట్ల వ్యాపారి. మాట మొదట్నుంచీ తియ్యనే.

"పెద్ద కంపెనీ మార్కెట్లోకి వస్తుంది. మనం ఎగబడి కొంటాం. అప్పటికే తినాల్సినోళ్ళు తిని చెయ్యి కడిగేసుకుని ఉంటారు. మనకి విస్తరాకు మిగులుద్ది. అవునా, కాదా?"

"అవును" అన్నారు కొందరు.

"లిస్టు కాకముందే లోపలికి పోయే తలుపు ముంబై సేట్లకి తీస్తారు, విదేశీ ఫండ్లకి తీస్తారు. మనలాంటోళ్ళు తడితే తియ్యరు. కానీ మనకీ ఒక తలుపుంది. ఆ కంపెనీలో మనమ్మాయి ఉంది! ఉద్యోగులకి కంపెనీ ఇచ్చే షేర్లలోంచి తన వంతు మన క్లబ్బుకి..."

"ఆపు బావా" అంది కావేరి వెనక వరసలోంచి లేచి.

హాలంతా వెనక్కి తిరిగింది. గిరీష్ ముఖం ఒక్క క్షణం పాలిపోయింది. మరుక్షణమే నవ్వు పులుముకుని చేయి చాచాడు. "మాటల్లోనే వచ్చింది, నూరేళ్ళాయుష్షు! ఈ అమ్మాయేనండీ కావేరి. స్టేజి మీదకి రా అమ్మా!"

చప్పట్లు మోగాయి. ఆ చప్పట్ల మధ్య నడిచి వెళ్ళడం కావేరికి ముళ్ళ మీద నడిచినట్టే ఉంది. అతనిచ్చిన మైకు అందుకుంది.

"నేను ఎవరికీ షేర్లు అమ్మలేదండీ" అంది. "అమ్మడానికి నా దగ్గర లేవు కూడా. కొన్నేళ్ళు పనిచేస్తే, ఫలానా ధరకి కొనుక్కునే హక్కు ఇస్తామని కంపెనీ మాటిచ్చింది. అంతే. రేపు అవి నా చేతికొచ్చినా కంపెనీ ఒప్పుకోకుండా బయటివాళ్ళకి బదలాయించడానికి లేదు. తారావళి ప్రైవేటు కంపెనీ. ఇలా హాల్లో మైకు పెట్టి, జనాన్ని పిలిచి దాని షేర్లు అమ్మే హక్కు ఎవరికీ లేదు."

చప్పట్లు కొట్టిన చేతులు ఒళ్ళోకి దిగాయి.

"మరి గిరీష్ తీసుకున్న డబ్బుకి మాకిచ్చిందేంటి?" అన్నాడు ఒక రైతు.

"క్లబ్బులో సభ్యత్వం. షేరు కాదు. మీలో ఎవరి డీమ్యాట్ ఖాతాలోనైనా, మీ సొంత పేరు మీద తారావళి షేరు కనపడిందా? ఒక్కరికైనా?"

ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఎవరూ చెయ్యి ఎత్తలేదు.

ముందు వరసలోంచి వీరాస్వామి లేచాడు. వ్యవసాయ శాఖలో పెద్ద ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. ఆయన మాట మీద చాలామంది ఇందులో చేరారని రిబ్కా బండిలోనే చెప్పింది.

"బాగానే చెబుతున్నావమ్మాయ్. మరి మాలాంటోళ్ళు ఏం చెయ్యాలి? ఏఐ, ఏఐ అని ప్రపంచమంతా పరిగెడుతుంటే అరుగు మీద కూర్చుని చూడాలా?"

"దారులు లేకపోలేదండీ. ఇలాంటి కంపెనీల్లో కొన్ని లిస్టయిన కంపెనీలు డబ్బు పెట్టాయి. వాటి షేరు ఎవరైనా కొనొచ్చు. కాకపోతే అప్పుడు మీరు కొనేది ఆ కంపెనీని, దాని మంచీ చెడూ మొత్తాన్ని. అందులో తారావళి పాలు చిటికెడే ఉంటుంది. కొన్ని ఫండ్లూ అంతే. లిస్టు కాని షేర్లు అమ్మే డీలర్లు కూడా ఉన్నారు. వాళ్ళ దగ్గర కొన్నా అవి మీ డీమ్యాట్లోకి రావాలి, కంపెనీ ఒప్పుకోవాలి. ధర వాళ్ళు చెప్పిందే ధర. అమ్ముకుందామంటే కొనేవాడు దొరక్కపోవచ్చు. అసలు ఎప్పటికీ లిస్టు కాకపోవచ్చు కూడా. అన్నిటికన్నా మంచిది ఆగడం. పబ్లిక్ ఇష్యూ వచ్చినప్పుడు లెక్కలన్నీ బయట పెడతారు. చదివి, నచ్చితే మీ బ్యాంకు నుంచే దరఖాస్తు పెట్టుకోవచ్చు. అప్పుడు కూడా, ఆ డబ్బు పోయినా ఇంట్లో పొయ్యి ఆగదనుకున్నంత వరకే పెట్టాలి."

"ఆగాలి" అన్నాడు వీరాస్వామి. "ఎన్నాళ్ళు?"

"తెలీదండీ. ఎవరికీ తెలీదు."

"నాకు డెబ్బై దాటినయ్" అన్నాడాయన. గొంతులో కోపం లేదు. అదే కావేరిని ఎక్కువ ఇబ్బంది పెట్టింది. "నీకు కంపెనీ తనంతట తానే ఇస్తానంది. అది నీకు మంచిదే. మేం కొంటామంటే మాత్రం ప్రమాదం, ఆగండి, చదవండి. అంతేగా?"

హాల్లో గుసగుసలు లేచాయి. "తనదాకా వచ్చేసరికి తలుపేసుకుంటోంది" అని ఎవరో అన్నారు. వీరాస్వామి అన్నదాంట్లో అబద్ధమేదో కావేరికి కనిపించలేదు. తనకు అడగకుండానే వచ్చిన చోటు కోసం ఇక్కడ ఇంతమంది చెమటలు కక్కుతూ కూర్చున్నారు.

"ఫోన్లో నాతో ఇట్టా మాట్లాడలేదుగా నువ్వు! ఎంతో ఓపిగ్గా చెప్పావు" అంది పేరాల నుంచి వచ్చిన ఒకావిడ.

"నాతోనూ మాట్లాడింది" అన్నారింకొకరు. "నాతోనూ."

కావేరి మైకు మళ్ళీ నోటికి దగ్గర పెట్టుకుంది. "అది నేను కాదండీ! నా గొంతుని మిషనుతో తయారుచేసి మాట్లాడించారు. ఇతన్నే అడగండి!"

హాలు గగ్గోలెత్తింది. గిరీష్ మాత్రం నోరు తెరుచుకుని నిలబడిపోయాడు. అంతలోనే తేరుకుని ఆమె మోచెయ్యి పట్టుకుని స్టేజి వెనక వంటల షెడ్డులోకి తీసుకుపోయాడు.

"మిషనేంటి కావేరీ? ఫోన్లో ఫొటో పంపడమే నాకు సరిగా రాదు, నేను మిషన్లు చెయ్యడమేంటి?"

"మరెవరు మాట్లాడారు నా గొంతుతో?"

అతను ఆమె ముఖంలోకి వింతగా చూశాడు. "అత్తయ్య నీకు చెప్పలేదా?"

షెడ్డు బయట ఎవరో గిన్నెలు తోముతున్నారు.

"మొదట పొరపాటునే జరిగింది" అన్నాడు గిరీష్, తల దించుకుని. "వీరాస్వామి గారు నీతో ఒక్కసారి మాట్లాడాలన్నారు. నువ్వు ఆఫీసు మీటింగులో ఉన్నావు. అత్తయ్యకి కలిపాను. మీ ఇద్దరి గొంతూ ఫోన్లో ఒక్కటేగా. ఆయన నువ్వనుకున్నాడు. అత్తయ్య కాదనలేదు. నేనూ కాదనలేదు. నీ షేర్లు ఇవ్వడానికి నువ్వు ఒప్పుకున్నావనే అత్తయ్యకి చెప్పాను. ఇవాళ కాకపోతే వచ్చే ఏడైనా ఒప్పుకోవా అనుకున్నాను."

అది నిజమే. చిన్నప్పటినుంచీ అంతే. ఫోన్ ఎత్తితే చాలు, చుట్టాలు తల్లిని కూతురనీ, కూతుర్ని తల్లనీ పొరబడేవారు. ఇంట్లో అదొక నవ్వులాట. 'అట్టాగేలే' కథ తను ఎక్కడ చెప్పిందో కూడా కావేరికి ఇప్పుడు గుర్తొచ్చింది. ఇంట్లో, అన్నం తింటూ.

"డబ్బెక్కడుంది బావా?"

"పెట్టాల్సిన చోటే ఉంది."

"ఎక్కడ?"

గిరీష్ హాలు వైపు చూశాడు. అక్కడ కుర్చీలు జరుగుతున్న చప్పుడు పెద్దదవుతోంది. "ముందు వాళ్ళకి ఏదో ఒకటి చెప్పి పంపనీ" అంటూ ఆమెను తప్పించుకుని వెళ్ళిపోయాడు.

* * *

తిరుగు ప్రయాణంలో రిబ్కా ఒకే ఒక్క ప్రశ్న అడిగింది. "ఆ మిషను ఎవరు చేశారో చెప్పాడాండీ?"

కావేరి కిటికీ వైపు తిరిగింది. అంతమంది ముందు నిలబడి నిజం చెప్పమని గిరీష్‌ని నిలదీసి వచ్చింది. ఇప్పుడు నిజం తన నోట్లోనే ఉంది, బయటికి రావట్లేదు. అమ్మ పేరు చెబితే రిబ్కా ముఖం ఎలా మారుతుందో ఊహించుకుంది. చెప్పకపోతే తనకూ గిరీష్‌కీ తేడా ఏమిటో ఆలోచించింది. అప్పికట్ల వచ్చింది, పోయింది. నిడుబ్రోలు వచ్చింది, పోయింది. తెనాలిలో దిగాక మాత్రం రిబ్కా చెయ్యి పట్టుకుంది.

"రేపల్లె బండికి ఇంకా టైముంది. మా ఇంటికి రండక్కా. నేను చెప్పలేను. మీరే వినండి."

నాన్న పొలం పని మీద సంగం జాగర్లమూడి వెళ్ళాడు. చంద్రకళ ఒక్కతే ముందు గదిలో కూర్చుని బెండకాయలు తరుగుతోంది. కూతురి వెనక కొత్త మనిషిని చూసి చీర కొంగు సర్దుకుంటూ లేచింది.

"రండమ్మా, కూర్చోండి. ఎండన పడి వచ్చినట్టున్నారు, మంచినీళ్ళు తెస్తానుండండి."

గుమ్మంలో రిబ్కా ఆగిపోయింది. కావేరి ముఖంలోకీ చంద్రకళ ముఖంలోకీ మార్చి మార్చి చూసింది.

"మేడమ్?" అంది చివరికి, నమ్మలేనట్టు.

ఆ ఒక్క పిలుపుకే చంద్రకళ చేతిలోని కత్తి పళ్ళెంలోకి జారింది. "రిబ్కా గారా?" అంది. ఆమె గొంతులో భయం కన్నా ముందు సంతోషం పలికింది. అది కావేరి చెవికి తెలిసింది. "మీ ఆయన నడుం నొప్పి తగ్గిందా? ఐసు దిమ్మలు మొయ్యొద్దని చెప్పాను కదా..." అంటూ కూతురి కళ్ళు చూసి మధ్యలోనే ఆగిపోయింది.

"నా పేరు పెట్టుకుని మాట్లాడావా అమ్మా?" అంది కావేరి.

చంద్రకళ కుర్చీలో కూలబడింది. "నేను పెట్టుకోలేదే, వాళ్ళే పెట్టారు" అంది. "ఆ వీరాస్వామి గారు అంత పెద్దాయన, 'మేడమ్, మీ అభిప్రాయం ఏంటండీ' అని అడిగారు. నా అభిప్రాయం ఏంటని ఈ ఇంట్లో గాని మా పుట్టింట్లో గాని ఎవరడిగారు నన్ను? నువ్వు అన్నం తింటూ చెప్పినవే చెప్పాను. అన్నీ గుర్తే నాకు. ఒక్కటి కూడా కల్పించలేదు. నువ్వు ఒప్పుకున్నావని గిరీష్ చెప్పాడు."

"నన్నెందుకు అడగలేదు?"

"అడిగితే కాదంటావేమోనని" అంది చంద్రకళ. ఆ మాట దాచుకోవాలని కూడా ఆమె చూడలేదు.

రిబ్కా ఇంకా నిలబడే ఉంది. కళ్ళు నిండాయి. "మీ మాట నమ్మానండీ నేను" అంది. "కంపెనీ ఏంటో, ఏఐ ఏంటో నాకేం తెలుసు? మీరు అంత ప్రేమగా మాట్లాడితే నమ్మాను. మా ఆయనకి ఏం చెప్పమంటారు, మీరే చెప్పండి."

చంద్రకళ లేచి ఆమె చేతులు పట్టుకోబోయింది. రిబ్కా చేతులు వెనక్కి తీసుకుంది. గట్టిగా ఒక్క మాటనలేదు. చెప్పులేసుకుని, "బండికి టైమైందండీ" అని బయటికి నడిచింది. కావేరి గేటు దాకా వెంట వెళ్ళి, "మీ డబ్బు సంగతి తేలేదాకా నేను హైదరాబాదు వెళ్ళనక్కా" అంది. రిబ్కా తల ఊపింది. నమ్మిందో లేదో తెలియలేదు.

కావేరి లోపలికొచ్చేసరికి చంద్రకళ తరిగిన ముక్కల్నే మళ్ళీ తరుగుతోంది.

"ఎంతమందితో మాట్లాడావో నాకు మొత్తం చెప్పాలి. పోలీసులకే చెప్పాల్సొస్తుందో, నాన్నకే చెప్పాల్సొస్తుందో, ముందు నాకు తెలియాలి. గిరీష్ కలిపినవాళ్ళేనా? ఇంకెవరితోనైనా నేనని మాట్లాడావా?"

చంద్రకళ బెండకాయ ముక్కల్ని పళ్ళెంలో ఒక పక్కకి తోసింది.

"అమ్మా!"

"సోమవారం ఒక ఫోనొచ్చింది" అంది చంద్రకళ, తలెత్తకుండా. "గిరీష్ కలిపింది కాదు. ఉద్యోగంలో చేరినప్పుడు కంపెనీకిచ్చి, తర్వాత నాకిచ్చేశావే, నీ పాత నంబరు, దానికే నేరుగా వచ్చింది, హైదరాబాదు నుంచి. మీ కంపెనీ లీగల్ విభాగమంట. మీ షేర్లు బయటివాళ్ళకి అమ్ముతున్నారని విన్నాం, నిజమేనా అనడిగాడు. కంపెనీ నుంచి ఫోనొస్తుంది, అవునంటే చాలు, పని జరుగుతుందని గిరీష్ ముందే చెప్పి ఉంచాడు."

కావేరి తల్లికి ఎదురుగా వచ్చి నిలబడింది. "నువ్వేమన్నావు?"

"అవునన్నాను. మాట్లాడేది కావేరి గారేనా అన్నాడు. అవునన్నాను." చంద్రకళ ఇప్పుడు తలెత్తి కూతురి వైపు చూసింది. "చాలా మర్యాదగా మాట్లాడాడే. ఈ కాల్ రికార్డవుతోంది మేడమ్, మీ పేరుతో సహా ఇంకొక్కసారి చెబుతారా అన్నాడు. చెప్పాను."